ఆరు నెలలైంది బిడ్డా

మెర్సీ ఆ అబద్ధాన్ని హైదరాబాదులో, చల్లటి హాలులో, మైకు ముందు నిలబడి ఆడింది. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. తాగుడూ మత్తూ మాన్పించే పనిలో ఉన్న కౌన్సిలర్లకూ నర్సులకూ అది రెండు రోజుల శిక్షణ. భోజనాలయ్యాక ఒక్కో జిల్లావాళ్లు లేచి తమ అంకెలు చదువుతున్నారు, వినేవాళ్లు కునికిపాట్లు పడుతున్నారు. మెర్సీ దగ్గరున్న అంకెలు చెప్పుకోదగ్గవి కావు. కల్వకుర్తి చుట్టుపక్కల నలభై మంది పేర్లు రాసుకుంటే, రెండోసారి మొహం చూపించింది ఆరుగురు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, "నేను మా అమ్మ గురించి చెప్త" అంది.

చెప్పింది. ముప్పై ఏండ్లు కల్తీ కల్లు తాగిన తల్లి, బిడ్డ మాట విని, మెల్లమెల్లగా తగ్గించి, నాలుగు నెలలుగా చుక్క ముట్టకుండా ఉందని చెప్పింది. చెబుతుంటే ఆమెకే కళ్ల నీళ్లు వచ్చాయి. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సరిగ్గా అదే సమయానికి ఆ తల్లి సుక్కమ్మ, గుండ్లబండలో లింగయ్య కల్లు దుకాణం అరుగు మీద, రెండో సీసా ముందు మెడ వాల్చి కూర్చుని ఉంది.

కల్లంటే ఈతచెట్టు కల్లు అనుకునేరు. గుండ్లబండలో గీసే చెట్లు ముప్పై ఉంటే, రోజూ అమ్ముడుపోయే సీసాలు మూడు వందలు. మిగిలినదాని సంగతి చెట్టుకు తెలియదు. నీళ్లకూ చక్కెరకూ నిద్రమాత్రల పొడికీ తెలుసు. పొద్దున లేస్తూనే ఆ పొడి లోపలికి పోకపోతే చెయ్యి వణుకుతుంది, నాలుక తిరగదు. తాగితే మనిషి మామూలవుతాడు. సుక్కమ్మ అలా మామూలుగా ఉండటానికి రోజుకు నాలుగు సీసాలు కావాలి. భర్త మైసయ్య వలస పనిలో మట్టిపెళ్ల కూలి చచ్చిపోయిన నాటి నుంచి ఆ లెక్క తగ్గింది లేదు.

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ గట్టిగా అతికింది. మెర్సీ పనిచేసే 'మేలుకొలుపు' సంస్థ నడిపే అమరేందర్ సార్ ఆ కథను నివేదికలో వేయించాడు. పట్నంలో పరిశోధన చేసేవాళ్లు అది చదివి, ఇంటి మనుషుల చేతే మాన్పించే పద్ధతి బాగుంది, దీన్ని పరీక్షించి మిగతా జిల్లాల కౌన్సిలర్లకు నేర్పుదామన్నారు. దానికి 'మెర్సీ పద్ధతి' అని పేరు కూడా పెట్టేశారు. పరిశోధన సాగితే మెర్సీ రెండు జిల్లాలకు కోఆర్డినేటర్ అవుతుంది. ప్రతి మార్చిలోనూ ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు కొలువు నుంచి గట్టి కుర్చీలోకి వస్తుంది. తాతముత్తాతల కాలం నుంచి ఒకరి చేనులో వంగి బతికిన ఇంట్లో మేడం అనిపించుకున్న మొదటి మనిషి ఆమే. ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

శిక్షణ అయిన రెండు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం అమరేందర్ సార్ ఫోన్ చేశాడు.

"మెర్సీ, బుధవారం పట్నం నుంచి ఇద్దరు వస్తున్నరు. మీ అమ్మతోటి మాట్లాడి రికార్డు చేసుకుంటరట. మూత్రం పరీక్ష కూడ చేస్తరు. పట్టీ ముంచితే ఐదు నిమిషాల్ల తెలుస్తది. మనకేం ఫికర్, ఇంక మంచిదే గద?"

"మంచిదే సార్" అంది మెర్సీ.

బస్సులో గుండ్లబండ పోయేదాకా ఒక్క వాక్యాన్ని నోట్లో తిప్పింది. సార్, నేను అబద్ధం చెప్పిన. నాలుగే మాటలు. వెల్దండ దాటాక ఫోన్ చేతిలోకి కూడా తీసుకుంది. పేరు నొక్కలేకపోయింది. దానికి బదులు ఇంకో లెక్క వేసుకుంది. ఇవాళ సాయంత్రం నుంచి బుధవారం దాకా దగ్గర దగ్గర నాలుగు రోజులు. నాలుగు రోజులు లోపలికి ఏమీ పోకపోతే పట్టీలో ఏమీ కనిపించకపోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మెర్సీకి తెలియక చేసిందనుకుంటారు. కౌన్సిలర్ల కోసం సంస్థ అచ్చువేసిన చేతిపుస్తకాన్ని తెలుగు చేసింది మెర్సీయే. పంతొమ్మిదో పేజీలో ఆమె తెలుగులోనే ఇలా ఉంది. "పొడి కలిపిన కల్లు అలవాటైనవారిని ఒక్కసారిగా మాన్పించరాదు. రెండు నుంచి నాలుగు రోజులలో ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. డాక్టరు ఇచ్చే మందుతో కొన్ని వారాలపాటు మెల్లగా తగ్గించాలి." ఈ పేజీని ఆమె మూడు వందల మంది ఆశా వర్కర్ల చేత బిగ్గరగా చదివించింది. తప్పు చదివినవాళ్లను లేపి మళ్లీ చదివించింది.

చర్చి వెనక సందులో ఒంటిగది స్లాబు ఇల్లు సుక్కమ్మది. బిడ్డ పెద్ద సంచితో రావడం చూసి ఆమెకు సంబరమైంది.

"నాలుగొద్దులు ఉంటవా బిడ్డా?"

"ఉంట. గానీ అమ్మా, గీ నాలుగొద్దులు నువ్వు కల్లు బందు వెట్టాలె."

సుక్కమ్మ నవ్వింది. "నాలుగొద్దులా? సస్త."

"సావవ్. నేనున్న గద." మెర్సీ చాప మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. బయట ఎవరికీ చెప్పుకోలేనిది తల్లికి చెప్పడం ఆమెకు కష్టం కాలేదు. "నువ్వు తాగుతున్నవని తెలిస్తే నా నౌకరి పోతది. నలుగుర్ల మొకం చూపియ్యరాదు."

సుక్కమ్మ చాప మీద బిడ్డ దగ్గరికి జరిగింది. తర్వాత అడిగింది. "గంత పెద్దోళ్ల ముందట నా పేరు చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిగ చెప్పినవా?"

"మంచిగనే చెప్పిన."

"అయితే బందు వెడత తియ్యి. నా కాళ్లు మాత్రం నా మాట ఇనయి బిడ్డా. బయటి నుంచి గొళ్లెం పెట్టు."

మెర్సీ గొళ్లెం పెట్టింది. దాచకుండా చెప్పాలంటే, ఆ గొళ్లెం పడిన చప్పుడుకు ఆమెకు సంతోషం కలిగింది. పదో తరగతి పరీక్షల మొదటి రోజున సుక్కమ్మ బడి గేటు దగ్గరికి సద్ది తెచ్చి, గేటు పట్టుకుని జారి, అన్నంలోనే పడిపోయింది. ఆడపిల్లలంతా నవ్వారు. ఆ నవ్వు మెర్సీ చెవిలోంచి ఇన్నేళ్లలో పోలేదు. పసిబిడ్డగా ఉన్నప్పుడు తన నోట్లో కల్లు తడిపిన గుడ్డ పెట్టి, చేను గట్టున పండబెట్టి కలుపు తీసేదని కూడా ఆమెకు తెలుసు. కైకిలు కూలికి పోయే తల్లులందరూ చేసినదే అది. అయినా మెర్సీ ఆ బాకీ ఒక్క తల్లి మీదనే రాసుకుంది.

ఆదివారం సుక్కమ్మ చెమటతో తడిసి ముద్దయింది. చాయ్ గ్లాసు పెదవికి చేరేలోపు సగం ఒలికిపోయింది. చర్చిలో పాటలు వినిపిస్తుంటే కూర్చుని తానూ పెదవులు కదిపింది. అక్షరం రాదుగాని, పాస్టరు ఒక్కసారి చెప్పిన వాక్యం ఏడాదైనా ఆమె నోట్లో చెదరకుండా ఉంటుంది. మెర్సీ ఆ సంగతి గుర్తుచేసుకుని పాఠం మొదలుపెట్టింది.

"కల్లు మాని ఎన్ని దినాలైందమ్మా?"

"నిన్నటి సంది..."

"కాదు. ఆరు నెలలైంది బిడ్డా, చుక్క ముట్టలే. గట్లనాలె. ఎట్ల మానినవ్?"

"నువ్వు గొళ్లెం పెట్టినవ్."

"నా బిడ్డ పుస్తకం సదివి చెప్పింది, ఇన్న. గట్లనాలె. మల్ల చెప్పు."

తప్పు చెబితే చాయ్ పక్కకు జరిపింది. సరిగ్గా చెబితే నోటికి అందించింది. సాయంత్రానికి సుక్కమ్మ నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టయింది.

సోమవారం ఆ తల్లి బిడ్డ కాళ్లు పట్టుకుంది. ఒక్క సీసా అంది. సగం సీసా అంది. మూత నిండా అంది. మెర్సీ కాళ్లు వెనక్కి తీసుకుని, "మల్ల చెప్పు, ఎన్ని నెలలైంది?" అని అడిగింది. ఏడుపులు విని పక్కింటి నిర్మలమ్మ గోడ మీదుగా కల్లు సీసా అందించబోయింది.

"ఓ మెర్సీ, గీ ఒక్కటి తాపియ్యవే. మనిషి నిలవడతది. మా చిన్నమామ గిట్లనే ఎకాఎకిన బందు వెట్టి కొట్టుకోని కొట్టుకోని పోయిండు. నీకెరుక లేదా?"

"నాకు చెప్తున్నవా పెద్దమ్మా? నేను చేసేది గదే పని."

"చేస్తే చేస్తివి గని, సదువుకున్నదానివి, జర సూడు."

మెర్సీ సీసా తీసుకుని ఆమె కళ్ల ముందే మోరీలో ఒంపింది. లోపల సుక్కమ్మకు ఆ వాసన తగిలింది. తలుపు సందుకు ముక్కు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది.

మంగళవారం సుక్కమ్మకు గోడ మీద చీమలు కనిపించాయి. కొంగుతో తుడిచింది, గోళ్లతో గీకింది, వేళ్ల చివర నెత్తురు వచ్చింది. మైసయ్యను పిలిచి అన్నం తినిపొమ్మంది. మెడ ఒక పక్కకు గుంజుకుపోతుంటే రెండు చేతులతో సరిచేసుకుంది. మెర్సీకి మొదటిసారి అప్పుడు భయమేసింది. ఆటో పిలిపిస్తే దవాఖానకు అరగంట. కానీ చీటీ మీద సుక్కమ్మ పేరు, జబ్బు పేరు రెండూ రాస్తారు. ఆ దవాఖానలో నర్సులందరికీ పాఠం చెప్పింది మెర్సీయే. రేపు ఒక్కరోజు దాటితే చాలు, టీమ్ కారు ఊరు దాటగానే తానే మందు వేయిస్తానని దేవుడికి మాట ఇచ్చింది. దేవుడు మాట అడగలేదు. కక్కలేక మింగలేక ఆమె ఆ రోజంతా గడప మీదనే కూర్చుంది.

బుధవారం పదకొండింటికి పట్నం వాళ్లిద్దరినీ ఎక్కించుకుని అమరేందర్ సార్ కారు వచ్చింది. సుక్కమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. చేతుల వణుకు కనపడకుండా ఒళ్లో బైబిల్ పెట్టి రెండు చేతులూ దాని మీద వేయించింది మెర్సీ. పట్నం నుంచి వచ్చిన ఇద్దరూ ఫోన్ రికార్డింగు పెట్టి, వంగి, మర్యాదగా అడిగారు. సుక్కమ్మ ఒక్క మాట తప్పలేదు. ఆరు నెలలైంది బిడ్డా, చుక్క ముట్టలే, నా బిడ్డ పుస్తకం సదివి చెప్పింది, ఇన్న. అమరేందర్ సార్ కళ్లు తుడుచుకున్నాడు. మెర్సీకి గర్వం వేసింది. అబద్ధమని తెలిసి కూడా గర్వం వేసింది.

"ఇగ ఆ పరీక్ష ఒక్కటి చేస్తే అయిపాయె" అన్నాడు అమరేందర్ సార్.

ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి తల్లిని వెనక వైపు నడిపించుకుపోతుంటే సుక్కమ్మ కొయ్యబారింది. కళ్లు పైకి తేలాయి. బట్టలుతికే బండకు కణత కొట్టుకుని వెల్లకిలా పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోటి నుంచి నురగ వచ్చింది. అందరూ కలిసి ఎత్తి వచ్చిన కారులోనే వేసుకుని కల్వకుర్తి దవాఖానకు తీసుకుపోయారు.

డ్యూటీలో ఉన్న డాక్టర్ దీప్తి చిన్న వయసు పిల్ల. సూది వేసి ఫిట్స్ ఆపింది. కణత మీద బొప్పికట్టిన దెబ్బ చూసింది. తర్వాత చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఈ ఏరియాల ఫిట్స్‌తోటి ఎవరొచ్చినా నేను మొదలు అడిగేది కల్లు సంగతే. ఎప్పుడు మానింది?"

అమరేందర్ సార్ ముందుకు వచ్చాడు. "డాక్టర్ గారూ, ఈమె మా సంస్థకే ఆదర్శం. మాని ఆరు నెలలు దాటింది."

"మిమ్మల్ని కాదు సార్. కూతురెవరు? మీరేనా? జర జాగ్రత్తగ వినండి. ఈ నాలుగైదు రోజుల్ల కల్లు ఆపినందుకు వచ్చిన ఫిట్సయితే మందు ఇక్కడనే ఉన్నది. పెట్టుకుని సూదులిస్త, నాలుగు రోజుల్ల లేచి కూర్చుంటది. అది కాదంటే తల లోపల నెత్తురు కారుతున్నట్టు. అప్పుడు మత్తు సూది మీద సూది ఇయ్యొద్దు, ఊపిరి ఆగిపోతది. స్కాన్ మా దగ్గర లేదు, పట్నం పంపాలె. అందుకే అడుగుతున్న. నిజం చెప్పండి."

ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పలేరు. మెర్సీకి అర్థం కానిది కూడా ఏమీ లేదు, పంతొమ్మిదో పేజీని తెలుగు చేసిన మనిషి ఆమె. చుట్టూ అమరేందర్ సార్ ఉన్నాడు, పట్నం వాళ్లిద్దరూ ఉన్నారు, తాను పాఠం చెప్పిన నర్సులు ఇద్దరు ఉన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది.

దీప్తికి అనుమానం వచ్చినట్టుంది. మంచం మీదికి వంగి సుక్కమ్మ చెంప తట్టింది. "అమ్మా, ఇనవడుతుందా? కల్లు తాగుతవా? ఎప్పుడు తాగినవ్?"

సుక్కమ్మ కళ్లు తెరిచింది. ఎక్కడున్నదో తెలియని చూపు. ఎదురుగా ఉన్న మొహాలన్నీ వెతికి బిడ్డ మొహం దొరకగానే అక్కడ ఆగింది. పెదవులు కదిలాయి.

"ఆరు నెలలైంది బిడ్డా. చుక్క ముట్టలే. నా బిడ్డ పుస్తకం సదివి చెప్పింది. ఇన్న."

చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు మెర్సీ వైపే చూసింది.

"కరెక్టేనా?" అంది డాక్టర్.

"అవును మేడం" అంది మెర్సీ.

దీప్తి తలకు దెబ్బ అని చీటీ రాసి అంబులెన్సు ఎక్కించింది. అందులో సూదీ మందూ చూసుకునే గోపీకృష్ణ పాతికేళ్లవాడు, కష్టజీవి, సుక్కమ్మ తల కదలకుండా రెండు వైపులా దిండ్లు కట్టాడు. వెనక అమరేందర్ సార్ కారు వస్తోంది. వెల్దండ దాటేదాకా సుక్కమ్మ నిద్రపోయింది. ఆమనగల్లు దగ్గర సూది బలం తగ్గి మళ్లీ కొట్టుకోవడం మొదలైంది.

గోపీకృష్ణ డాక్టరుకు ఫోన్ చేశాడు. తలకు దెబ్బ, సూది వద్దు, తొందరగా పొమ్మంది. అతను ఫోన్ పెట్టేసి మెర్సీని చూశాడు.

"అక్కా, మాది గీ పక్కనే. మా నాయిన కల్లు మానినప్పుడు చూసిన నేను. గిట్లనే మెడ గుంజింది. నువ్వేమన్న మర్చిపోయినవా చెప్పేది?"

"లేదు."

"కాదక్కా, నా తోటి చెప్పు. నేనెవ్వరికీ అనను."

మెర్సీ తల్లి చెయ్యి పట్టుకుని అద్దంలోంచి వెనక కారును చూస్తూ కూర్చుంది. అప్పుడు కూడా చెప్పలేదు. కడ్తాల్ దగ్గర మూడోసారి వచ్చింది. ఈసారి ఆగలేదు. సుక్కమ్మ పెదవులు నల్లబడ్డాయి, గొంతులో గురగుర మొదలైంది. మెర్సీ నోరు దానంతట అదే తెరుచుకున్నట్టు అరిచింది.

"శనివారం దాక తాగింది! దినాం నాలుగు సీసాలు! సూదియ్యి తమ్ముడూ, సూదియ్యి!"

గోపీకృష్ణ ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. డాక్టరుకు ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి, సరే అనిపించుకుని, మందుసీసా మెడ విరిచి సూది ఎక్కించాడు. ఒళ్లు కొట్టుకోవడం ఆగింది. దాంతోపాటు ఊపిరీ ఆగింది. బండి రోడ్డు పక్కకు తీయించి ఇరవై నిమిషాలు రొమ్ము మీద నొక్కాడు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి. అతని చెమట చుక్కలు సుక్కమ్మ తెల్లచీర మీద పడుతుంటే మెర్సీ, అమ్మా, అమ్మా అంటూ ఆ చీర సర్దింది. ఆ ఏడుపు నిజమైనదే. దానిలో అబద్ధం లేదు.

వెనక కారు ఆగింది. అమరేందర్ సార్ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూడా ఏడ్చాడు.

"తలకు గట్టి దెబ్బే తాకింది మెర్సీ. మన చేతుల్ల ఏమున్నది? కల్లు మీద గెలిచి పోయిందమ్మ. గిది చిన్న సంగతి కాదు. టీమోళ్లు కూడ గదే అంటున్నరు. ఆమె పేరు మీదనే పని ముందుకు తీసుకపోదం."

మెర్సీ తల ఊపింది.

ఆయన ఫోన్ మాట్లాడటానికి పక్కకు పోయాక గోపీకృష్ణ బండిలోని ఫారం తీసి పెన్ను పట్టుకున్నాడు.

"ఏం రాయాలె అక్కా? ఇందాక నువ్వు చెప్పింది రాయనా?"

"ఏం చెప్పిన?"

"శనివారం దాక తాగిందన్నవ్ గద. డాక్టర్ మేడానికి కూడ చెప్పిన నేను."

"ఏడుపుల ఏమన్ననో నాకే తెల్వదు తమ్ముడూ. మా అమ్మ డాక్టర్ ముందట తన నోటితోటి తనే చెప్పింది గద. నలుగురు ఇన్నరు. తలకు దెబ్బ అని రాయి."

అతను ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఈమెను ఎక్కడో చూశాననుకున్నాడేమో, ఏదో ట్రైనింగులో, బోర్డు పక్కన. తల వంచుకుని చెప్పినట్టే రాసి, ఫారం ఆమె ఒళ్లో పెట్టాడు.

మెర్సీ కళ్లు తుడుచుకుని, చనిపోయిన మనిషికి ఏమవుతారు అన్నచోట కూతురు అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది.